తమిళ స్త్రీల కవిత్వం: దేహం, సినిమా పాట, ఒక వివాదం

2000 తర్వాత తమిళ కవిత్వంలో స్త్రీ దేహం గురించి స్త్రీలే సూటిగా రాసిన ధోరణి బలపడింది. సల్మా, మాలతి మైత్రి, సుకీర్తరాణి, కుట్టి రేవతి అందులో ముఖ్యులు. వారి నేపథ్యాలు వేరువేరు. తిరుచిరాపల్లి జిల్లా తువరంకురిచ్చికి చెందిన సల్మాను యుక్తవయసు రాగానే బడి మాన్పించారు. ఆమె ఇంట్లో దాచుకుని రాసిన కవితలు కలం పేరుతో బయటికొచ్చాయి. సుకీర్తరాణి దళిత కవయిత్రి, ఉపాధ్యాయురాలు. కుట్టి రేవతి సిద్ధ వైద్యం చదివారు.

2002లో కుట్టి రేవతి రెండో సంపుటి 'ములైగళ్' వచ్చింది. ఆ మాటకు 'స్తనాలు' అని అర్థం. పుస్తకం తెరవకముందే పేరు మీద గొడవ మొదలైంది. తమిళ సంస్కృతికి మచ్చ అన్నారు. ఆమెకు బూతు ఫోన్లు, బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఇలాంటి కవయిత్రులను చెన్నై మౌంట్ రోడ్డులో నిలబెట్టి కిరోసిన్ పోసి తగలబెట్టాలని ఒక సినీగేయ రచయిత బహిరంగంగా అన్నారు.

ఆ మాట సినిమా రంగం నుంచి రావడమే ఇక్కడ గమనించాల్సింది. స్త్రీ నడుమునూ ఎదనూ సినిమా పాట దశాబ్దాలుగా వర్ణిస్తూనే ఉంది. సంప్రదాయంలోనూ ఆ మాటకు నిషేధం లేదు. ఆండాళ్ 'నాచ్చియార్ తిరుమొళి'లో అది భక్తిగా చెల్లింది. అభ్యంతరం మాట మీద కాదు, మాట్లాడే మనిషి మీద. చూసేవాడి వర్ణనగా ఉన్నంతకాలం అది అందం. ఆ దేహం తనదేనని స్త్రీ చెప్పగానే అశ్లీలమైంది.

తెలుగులో ఈ తగాదా అంతకు ముందే నడిచింది. స్త్రీవాద కవిత్వాన్ని కొందరు 'నీలి కవిత్వం' అని ఎద్దేవా చేశారు. ఆ కవిత్వమే 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలి మేఘాలు' సంకలనంగా వచ్చింది.

తర్వాతి కాలంలో కుట్టి రేవతి సినిమా పాటల్లోకే వెళ్లారు. 2013లో వచ్చిన 'మరియాన్' చిత్రంలో ఏ.ఆర్. రెహమాన్ స్వరాలకు సాహిత్యం అందించారు. సల్మా 2025లో డీఎంకే తరఫున రాజ్యసభకు ఎన్నికయ్యారు. అయితే తగాదా తీరలేదు. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ ఇంగ్లిష్ పాఠ్యప్రణాళిక నుంచి బామ, మహాశ్వేతా దేవి రచనలతో పాటు సుకీర్తరాణి కవితలనూ తొలగించింది.