గంగిరెద్దు తలూపు, కుక్క నొక్కే బటన్

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో, ఆకేరు వాగు పారే నేలలో ఉన్న వర్ధన్నపేట ప్రాంతం తరతరాలుగా సేద్యాన్నీ పశువుల పెంపకాన్నీ నమ్ముకుని బతికింది కాబట్టి, మనిషికీ నోరులేని జీవానికీ మధ్య మాట ఎలా సాగిందో తెలుసుకోవడానికి అక్కడి పాత వృత్తులను, ఆచారాలను మించిన ఆధారం లేదు. అరక దున్నే రైతు, మంద కాసే గొల్లకురుమలు, సంక్రాంతికి వాకిట నిలిచే గంగిరెద్దులవారు ఈ విద్యను వేరువేరు అవసరాల కోసం వేరువేరు దారుల్లో పెంచుకున్నారు. మనుషుల గొంతుతో మాటలు రికార్డు చేసిన బటన్లను నేల మీద పరచి, వాటిని కాలితో నొక్కి అడగడం కుక్కలకూ పిల్లులకూ నేర్పుతున్న నేటి ప్రయత్నంలో కొత్తదేమిటో, పాతదేమిటో తేలాలంటే ఆ వృత్తుల దగ్గరి నుంచే మొదలుపెట్టాలి.

అరకకు కట్టిన జతలో ఎడమవైపు నడిచేది దాపటెద్దు, కుడివైపు నడిచేది వలపటెద్దు. కోడెకు ఒకసారి ఒక పక్క అలవాటైతే దాన్ని రెండో పక్క కట్టడం కష్టమని రైతులకు బాగా తెలుసు. చాలు చివర మలుపు తిరగడానికి ఒక అదిలింపు, ఆగడానికి ఒకటి, అడుగు పెంచడానికి మరొకటి ఉండేవి. చెర్నకోల చేతిలో ఉన్నా పని ఎక్కువగా గొంతుతోనే జరిగేది. చెరువు గట్టున పశువులకు నీళ్ళు తాపేటప్పుడు సన్నగా ఈల వేయడం ఈ పలకరింపుల్లో అన్నిటికంటే మెత్తనిది. అయితే ఇదంతా మనిషి పశువుకు చెప్పే సగం. పశువు మనిషికి చెప్పే సగం ఇంతకంటే సూక్ష్మమైనది. నెమరు ఆగిందంటే కడుపులో ఏదో తేడా ఉందని, ఎప్పుడూ చెమ్మగా ఉండే ముట్టె ఎండిపోయిందంటే జ్వరం వచ్చిందని, చెవులు వాల్చి మేత దగ్గర ఊరికే నిలబడిందంటే వైద్యం చేయించాలని రైతు తెల్లవారి కొట్టంలో అడుగు పెట్టగానే పసిగట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల జతలు తగ్గిపోయాక గ్రామాలు పోగొట్టుకున్న వాటిలో ఈ చూపు ఒకటి, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా వర్ధన్నపేట మండలంలోనే ఉండిన ఐనవోలు, మల్లికార్జునస్వామి ఆలయం వల్ల, గొల్లకురుమలకు పెద్ద క్షేత్రం. కాకతీయుల కాలపు కట్టడమైన ఈ గుడి దగ్గర సంక్రాంతికి మొదలయ్యే జాతర ఉగాది దాకా సాగుతుంది. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పెద్ద పట్నం అనే ముగ్గు వేసి, డమరుకాన్ని పోలిన ఒగ్గు మోగిస్తూ మల్లన్న కథ చెబుతారు. తెలంగాణలో మల్లన్నగా, కర్ణాటకలో మైలారునిగా, మహారాష్ట్రలో ఖండోబాగా కొలుపులు అందుకునే ఈ దేవుడు మందలకూ వాటిని కాసేవారికీ దేవుడు, కుక్క ఆయన వెంట నడిచే జీవం. తోడేలు భయం ఉన్న చోట మందకు కావలి కుక్కే కనుక ఈ స్థానం సహజమే. ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటి ఉంది: కర్ణాటకలో గొరవయ్యలు, మహారాష్ట్రలో వాఘ్యాలు అనే ఈ దేవుని భక్తులు తమను స్వామి కుక్కలుగా భావించుకుని కుక్కలా మొరుగుతారు, గిన్నెలో వేసిన ప్రసాదాన్ని కుక్కలా తింటారు. కుక్క చేత మనిషి మాట పలికించాలని లోకం కలలు కంటున్న కాలానికి ఎన్నో తరాల ముందే, పశుపాలకుల మతం మనిషి గొంతుకు కుక్క పలుకు నేర్పింది. కుక్కను తక్కువగా చూసే సమాజంలో ఈ ఆచారం పుట్టి నిలిచిందన్నది చిన్న విషయం కాదు.

జంతువు నోట మనిషి మాట వినాలన్న కోరిక కూడా ఈ నేలకు కొత్త కాదు. వర్ధన్నపేటకు పొరుగు ప్రాంతమైన పాలకుర్తి పేరు పాల్కురికి సోమనాథునితో ముడిపడి ఉంది; ఆయన బసవపురాణం తెలుగులోకి తెచ్చిన వీరశైవ వాతావరణంలో పశువు భక్తికి బయటిది కాదు, ఎందుకంటే ఆ సంప్రదాయం బసవేశ్వరుని నందికి అవతారంగానే చూస్తుంది. అదే వీరశైవ గాథల్లో హావినహాళ కల్లయ్య కులగర్వం ప్రదర్శించిన పండితుల ఎదుట కుక్క చేత వేదం పలికించాడన్న కథ ఉంది. మరాఠీ నేలలో జ్ఞానేశ్వరుడు దున్నపోతు చేత వేదం చదివించాడన్న కథ దానికి తోబుట్టువు. ఈ కథలు పండితుల గర్వాన్ని నిలువునా కూల్చాయి కనుక వాటి విలువ పెద్దదే. కానీ వాటిలో కుక్క గానీ దున్నపోతు గానీ తన ఆకలి గురించి, తన అలసట గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మనుషుల మధ్య నడిచిన వాదంలో మనుషుల మాటనే పలికింది. పలికిన మాట నిజంగా ఎవరిది అన్న ప్రశ్న జంతువుల మాటల చరిత్ర పొడుగునా వెంటాడుతుంది.

ఆ ప్రశ్నకు తెలుగునాట అందరి కళ్ళ ముందూ ఏటేటా నిలిచే రూపం గంగిరెద్దు. సంచార జీవనం గడిపే గంగిరెద్దులవారు ప్రభుత్వ జాబితాలో వెనుకబడిన తరగతుల్లోని ‘ఏ’ వర్గం (బీసీ-ఏ) కిందికి వస్తారు. వారి ఆటను 1909లో వెలువడిన థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం కూడా నమోదు చేసింది. తమ వృత్తికి మూలంగా వారు చెప్పుకునేది వినాయక చవితి కథలో అందరూ వినే గజాసుర వృత్తాంతమే: శివుణ్ణి ఉదరంలో దాచుకున్న గజాసురుని మెప్పించడానికి విష్ణువు నందిని గంగిరెద్దుగా అలంకరించి ఆడించాడు, వరంగా శివుణ్ణి అడిగి తెచ్చాడు. వీపు మీద రంగురంగుల గుడ్డముక్కలు కుట్టిన బొంత, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో గంటలు, గవ్వల పేర్లు, పక్కన సన్నాయి, డోలు. ఈ హంగుతో ఎద్దు వాకిట్లోకి వచ్చి నిలబడగానే ఆడించేవాడు ‘డూడూ బసవన్నా’ అని పిలుస్తాడు. ‘అమ్మగారికి దండం పెట్టు’ అంటే ముంగాళ్ళు వంచుతుంది, ‘అయ్యగారు చల్లగా ఉండాలంటావా’ అంటే అవునని తలూపుతుంది. రాముడని పేరు పెట్టిన ఎద్దుకూ సీత అని పేరు పెట్టిన ఆవుకూ మధ్య అలకలు, బుజ్జగింపులు నడుస్తాయి. కింద పడుకున్న మనిషి ఛాతీ మీద ఎద్దు తన కాలిని బరువు మోపకుండా ఆనించే ఘట్టం వచ్చేసరికి చూసేవాళ్ళ ఊపిరి ఆగుతుంది.

ఈ తలూపు వెనక ఉన్నది మంత్రం కాదు. ముక్కుతాటిని అతి తేలికగా కదిలించడం, డోలు మీద దెబ్బ మారడం, గొంతు ఎత్తడం, దించడం, నిలబడే తీరు మారడం వంటి సంజ్ఞలను లేతవయసు నుంచీ ఎద్దుకు అలవాటు చేస్తారు. నేర్పు ముదిరేకొద్దీ తాడు పని తగ్గి గొంతు పని పెరుగుతుంది. అడిగే ప్రశ్నలన్నీ అవును అన్న జవాబుకు సరిపడేలా అడగడం ఆడించేవాడి చాకచక్యం. తన మనిషి ఎప్పుడు ఏం కోరుతున్నాడో గుంపు మధ్యలో, వాద్యాల మోతలో, పరాయి వాకిట్లో క్షణం తప్పకుండా గ్రహించడం ఎద్దు చాకచక్యం. ఇంటివారికి కూడా ఎద్దు నిజంగా తమ యోగక్షేమాలు పలుకుతున్నదన్న భ్రమ ఉండదు. అయినా ఆ తలూపులో ఒక శుభం ఉందని గింజలో, పాత బట్టలో ఇచ్చి పంపుతారు. ఇందులో మోసం వెతకడం అన్యాయం.

చట్టం మాత్రం ఈ ఆటను మరో కంటితో చూడవలసి వచ్చింది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 22వ సెక్షన్ కింద ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2011 జూలై 11న ఎద్దును చేర్చింది. దాని వెనక ఉన్న ప్రధాన వివాదం తమిళనాడు జల్లికట్టు. అదే చట్టం 21వ సెక్షన్‌లో ప్రదర్శన అంటే టిక్కెట్టు కొని ప్రజలు వచ్చే వినోదం అని నిర్వచించింది కనుక, టిక్కెట్టు లేని వాకిట్లో ఆడే గంగిరెద్దు ఆ మాటలోకి వస్తుందని చెప్పడం తేలిక కాదు. ఈ వృత్తిని చట్టం కంటే ఎక్కువగా కుంగదీసింది కాలం: మేతకు బీడు భూములు మిగలలేదు, గేటు వేసిన ఇళ్ళకు వాకిళ్ళు లేవు, పిల్లలు బడిబాట పట్టారు. చివరి కారణం సంతోషించదగినదే అయినా, దాంతోపాటు ఒక విద్య తరుగుతున్నదన్న బాధ తప్పదు.

గంగిరెద్దులవారు పొట్టకూటి కోసం తెలుసుకున్న రహస్యాన్ని ఐరోపా శాస్త్రజ్ఞులు ఒక గుర్రం వల్ల తెలుసుకున్నారు. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు హాన్స్ అనే తన గుర్రానికి లెక్కలు నేర్పానని, అది డెక్కతో నేలను తట్టి జవాబు చెబుతుందని ప్రదర్శించాడు. 1904లో కార్ల్ స్టుంఫ్ నాయకత్వంలోని సంఘం పరీక్షించి మోసమేమీ లేదని తేల్చింది. ఆ తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అడిగేవాడికే జవాబు తెలియని ప్రశ్నలు వేయించి చూస్తే గుర్రం తడబడింది; సరైన లెక్క దగ్గరికి రాగానే అడిగేవాడు తనకే తెలియకుండా తలను వెంట్రుకవాసి కదిలిస్తాడని, గుర్రం దాన్ని చూసి ఆగుతుందని 1907 నాటికి రుజువైంది. ఈ ఫలితం గుర్రం తెలివిని కొట్టిపారేసిందని చాలామంది అనుకున్నారు. నిజానికి పక్కనున్న పండితులెవరికీ కనబడని కదలికను గుర్రం కనిపెట్టింది. లెక్క రాకపోయినా మనిషిని చదవడం దానికి వచ్చు. వాకిట్లో గంగిరెద్దు చేసేదీ ఇదే. తేడా ఏమిటంటే, ఆడించేవాడు తన సంజ్ఞను ఎరిగి ఇస్తాడు, ఫాన్ ఓస్టెన్ ఎరగక ఇచ్చాడు.

జంతువు తలూపడం, డెక్క తట్టడం జవాబులు మాత్రమే. దానంతట అది అడగడానికి వీలు కల్పించిన తొలి ప్రయోగాల్లో ఒకటి ఇంగ్లండులో జరిగింది. ప్రకృతి శాస్త్రవేత్త జాన్ లబక్ 1880ల్లో వాన్ అనే తన నల్ల పూడిల్ కుక్క ముందు అట్టముక్కలు పరచి, కొన్నిటి మీద తిండి, టీ, బయటికి వంటి మాటలు రాసి, కొన్నిటిని ఖాళీగా వదిలాడు. తిండి అట్ట తెస్తే తిండి పెట్టి, ఖాళీ అట్ట తెస్తే ఏమీ ఇవ్వకుండా ఉండడంతో కుక్క క్రమంగా కావలసిన అట్టనే నోట కరచి తేవడం నేర్చింది. చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ అనే బాలికకు భాష నేర్పిన పద్ధతే తనకు స్ఫూర్తి అని లబక్ రాశాడు. తెలుగు వీధుల్లో జోస్యుల చిలక కూడా పంజరం దాటి వచ్చి వరసలోంచి ఒక అట్టను ముక్కుతో లాగుతుంది; అయితే ఆ అట్ట మీది మాట చిలకది కాదు, చదివేవాడిది. వాన్ తెచ్చిన అట్ట వాన్ ఆకలికి గుర్తు.

నేటి బటన్ల పుట్టుక కూడా మాట రాని పిల్లల వైద్యం నుంచే జరిగింది. నోటితో పలకలేని వారికి బొమ్మల పలకలు, నొక్కితే మాట వినిపించే పరికరాలు ఇచ్చి భావం చెప్పుకునేలా చేయడం వాక్ చికిత్సలో స్థిరపడిన పద్ధతి. అమెరికాలో వాక్ చికిత్సకురాలైన క్రిస్టినా హంగర్ 2018లో తన కుక్కపిల్ల స్టెల్లాకు ‘బయటికి’ అన్న బటన్‌తో ఈ పద్ధతిని మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని 2021లో పుస్తకంగా తెచ్చింది. పద్ధతి సులువైనదే కానీ ఓపిక కావాలి: తలుపు తీసే ప్రతిసారీ మనిషి తానే బటన్ నొక్కి, మాట నోటితో కూడా అని, వెంటనే కుక్కను బయటికి తీసుకుపోవాలి, కుక్క పంజా పట్టుకుని బలవంతంగా నొక్కించకూడదు, అది పొరపాటున నొక్కినా ఆ మాటను మన్నించాలి. ఒక మాట కుదిరాక నీళ్ళు, ఆట, తిండి చేర్చుకుంటూ పోతారు. బటన్‌లో ఉండేది ఇంటి మనిషి గొంతే కనుక వర్ధన్నపేట ఇంట్లో అది ‘బయటికి పోదాం’ అనే పలుకుతుంది. పిల్లులూ నేర్చుకుంటున్నాయి గానీ శాస్త్రీయంగా పరిశీలించింది ఎక్కువగా కుక్కలనే.

హాన్స్ గుర్రం నేర్పిన పాఠం వల్ల పరిశోధకులు జాగ్రత్త పడ్డారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫెడెరికో రొస్సానో బృందం 2024లో ప్రచురించిన అధ్యయనంలో 30 కుక్కలను పరిశోధకులు ఇళ్ళకు వెళ్ళి, 29 కుక్కలను యజమానుల ద్వారా పరీక్షించారు. బటన్ నొక్కింది యజమాని అయినా పరాయివారైనా, మాట బటన్ నుంచి వచ్చినా నోటి నుంచి వచ్చినా, ఆట, బయటికి అన్న మాటలకు కుక్కలు తగినట్టే ప్రవర్తించాయి. అంటే ఆ మాటల వరకైనా కుక్క విన్నది మాటనే, మనిషి కదలికను మాత్రమే కాదు. అదే ఏడాది చివర వెలువడిన మరో అధ్యయనంలో 152 కుక్కల ఇళ్ళలో 21 నెలలపాటు జరిగిన 2,60,000కు పైగా నొక్కులను లెక్కించారు. వాటిలో దాదాపు 1,95,000 కుక్కలు స్వయంగా నొక్కినవి. రెండు బటన్లను జతచేసి నొక్కిన సందర్భాలు కాకతాళీయం కావని, మనుషుల నొక్కులకు అనుకరణ మాత్రమే కావని లెక్కలు చూపాయి. భాష పుట్టిందని ఈ ఫలితాల నుంచి చెప్పడం తొందరపాటే. కానీ కుక్క తనకు కావలసింది తానుగా ఎంచుకుంటున్నదని చెప్పడానికి అవి చాలు. కుక్కలు ఎక్కువగా నొక్కినవి బయటికి, తిండి, ఆట, ఒంటికి పోవడం వంటి మాటలు. యజమానులు మక్కువగా నొక్కుతూ వచ్చిన ‘నువ్వంటే నాకిష్టం’ అన్న బటన్‌ను మాత్రం కుక్కలు వారికంటే చాలా తక్కువసార్లు నొక్కాయి.