వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటామ్: రెండు మూర్ఛ మందుల పోలిక

మూర్ఛ వ్యాధికి డాక్టర్లు విరివిగా రాసే మందుల్లో వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటామ్ ముఖ్యమైనవి. రెండూ ప్రిస్క్రిప్షన్ మీద మాత్రమే వాడాల్సినవి. రెండూ మాత్రలుగా, సిరప్‌గా, ఇంజెక్షన్‌గా దొరుకుతాయి. మన మందుల షాపుల్లో మొదటిది ఎన్‌కోరేట్, వాల్‌పారిన్ వంటి పేర్లతోనూ, రెండోది లెవిపిల్, కెప్రా వంటి పేర్లతోనూ కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మూర్ఛతో బతుకుతున్నవారు సుమారు 5 కోట్ల మంది. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. ఈ రెండు మందుల్లో ఏది మేలన్నది రోగిని బట్టి తేలుతుంది. ఫిట్స్ రకం, వయసు, స్త్రీయా పురుషుడా, కాలేయం, కిడ్నీలు, మనఃస్థితి అన్నీ చూశాకే మందు ఎంచుకోవాలి.

చరిత్ర

వాల్‌ప్రోయేట్‌కు మూలమైన వాల్‌ప్రోయిక్ ఆమ్లాన్ని 1882లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త బర్టన్ తయారుచేశారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లపాటు దాన్ని మందుగా ఎవరూ చూడలేదు, ఇతర పదార్థాలను కరిగించే ద్రవంగానే వాడారు. 1962లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పియర్ ఎమార్ కొన్ని కొత్త రసాయనాలను ఇందులో కరిగించి పరీక్షించారు. ఒకదానితో ఒకటి పోలిక లేని రసాయనాలన్నీ ఫిట్స్‌ను ఆపుతున్నట్టు కనిపించడంతో అనుమానం వచ్చింది. కరిగించిన ద్రవాన్ని విడిగా పరీక్షిస్తే అసలు గుణం దానిదేనని తేలింది. 1967లో ఫ్రాన్స్‌లో, 1978లో అమెరికాలో ఇది మూర్ఛ మందుగా వాడుకలోకి వచ్చింది.

లెవెటిరాసెటామ్ బెల్జియంకు చెందిన యూసీబీ కంపెనీ పరిశోధనల్లో పుట్టింది. జ్ఞాపకశక్తి కోసం వాడే పిరాసెటామ్‌కు ఇది రసాయనపరంగా దగ్గరి బంధువు. అమెరికాలో దీనికి 1999లో అనుమతి లభించింది.

పనిచేసే తీరు

మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపుతప్పి విద్యుత్ సంకేతాలు వెదజల్లితే ఫిట్స్ వస్తాయి. వాల్‌ప్రోయేట్ దీన్ని పలు మార్గాల్లో అడ్డుకుంటుంది. కణాల్లోకి సోడియం వెళ్లే ద్వారాలను కట్టడి చేస్తుంది, నాడులను శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది. అందుకే అది అనేక రకాల ఫిట్స్ మీద పనిచేస్తుంది.

లెవెటిరాసెటామ్ దారి వేరు. నాడీకణాల చివర్లలో రసాయన సందేశాలను నింపుకుని చిన్న తిత్తులుంటాయి. వాటి మీదుండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు ఇది అతుక్కుని, సందేశాల విడుదలను క్రమబద్ధం చేస్తుంది. ఈ సంగతి 2004లో, అంటే మందు వాడుకలోకి వచ్చాక గాని బయటపడలేదు.

ఏ ఫిట్స్‌కు ఏది

మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే జనరలైజ్డ్ రకంలో వాల్‌ప్రోయేట్‌ది పైచేయి. 2021లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం శానాడ్-2లో ఈ రకం రోగులకు లెవెటిరాసెటామ్ దానికి సాటి రాలేకపోయింది. కొన్ని క్షణాలపాటు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకని ఆబ్సెన్స్ ఫిట్స్‌లోనూ వాల్‌ప్రోయేట్‌కు ఉన్నంత బలమైన ఆధారాలు లెవెటిరాసెటామ్‌కు లేవు.

టీనేజ్‌లో మొదలయ్యే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీలో తెల్లవారి నిద్ర లేవగానే చేతులు ఉలిక్కిపడ్డట్టు అదురుతాయి. చేతిలోని కాఫీ గ్లాసో, పళ్లు తోముకునే బ్రష్షో జారిపోతుంది. ముందురోజు నిద్ర తక్కువైతే ఇది ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు పరధ్యానమని కసురుకుంటారు గాని అదీ మూర్ఛే. దీనికి రెండు మందులూ వాడతారు.

మెదడులో ఒకచోట మొదలయ్యే ఫోకల్ ఫిట్స్‌కూ రెండూ పనికొస్తాయి. అయితే శానాడ్-2 ఈ రకానికి మొదటి మందుగా లామోట్రిజిన్ అనే మరో మూర్ఛ మందును సమర్థించింది.

ఫిట్స్ ఆగకుండా కొనసాగే అత్యవసర స్థితిలో మొదట లోరాజెపామ్ వంటి మందు ఇస్తారు. దానికి లొంగకపోతే ఈ రెండింటిలో ఏదైనా ఇంజెక్షన్‌గా ఇస్తారు. 2019లో ప్రచురితమైన అమెరికన్ పరీక్షలో లెవెటిరాసెటామ్, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటాయిన్ మూడూ సుమారు సగం మందిలో ఫిట్స్‌ను అదుపు చేశాయి.

దుష్ప్రభావాలు, ఇతర మందులతో పొత్తు

వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, చేతులు వణకడం, జుట్టు రాలడం, ప్లేట్‌లెట్లు తగ్గడం జరగవచ్చు. అరుదుగా కాలేయం, క్లోమం తీవ్రంగా దెబ్బతింటాయి. రెండేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా ఒకటికి మించి మూర్ఛ మందులు వాడేవారిలో, మైటోకాండ్రియా జబ్బులున్నవారిలో కాలేయానికి ముప్పు ఎక్కువ. వాంతులు, విపరీతమైన నీరసం, కామెర్లు, తీవ్రమైన కడుపునొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

లెవెటిరాసెటామ్‌తో ముఖ్య సమస్య మనసుకు సంబంధించింది. నిద్రమత్తు, చిరాకు, కోపం, దిగులు రావచ్చు. నెమ్మదస్తుడైన పిల్లవాడు చీటికిమాటికి గొడవపడుతుంటే అది పెంకితనం కాక మందు ప్రభావం కావచ్చు. ఆత్మహత్య ఆలోచనలు వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. అరుదుగా జ్వరం, దద్దుర్లతో కూడిన తీవ్ర అలర్జీ వస్తుంది.

వాల్‌ప్రోయేట్‌ను ప్రధానంగా కాలేయం మారుస్తుంది, ఇతర మందులతో దానికి చిక్కులెక్కువ. లామోట్రిజిన్ మోతాదును రక్తంలో బాగా పెంచుతుంది. మెరోపెనెమ్ వంటి యాంటీబయాటిక్ ఇస్తే వాల్‌ప్రోయేట్ మోతాదే రక్తంలో పడిపోయి, అదుపులో ఉన్న ఫిట్స్ తిరగబెడతాయి. లెవెటిరాసెటామ్ ఎక్కువ భాగం మూత్రం ద్వారా పోతుంది, ఇతర మందులతో పేచీలు తక్కువ. కిడ్నీలు సరిగా పనిచేయనివారికి మాత్రం మోతాదు తగ్గించాలి.

గర్భధారణ

రెండు మందుల మధ్య అతి ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. గర్భిణి వాల్‌ప్రోయేట్ వాడితే సుమారు పదిమంది బిడ్డల్లో ఒకరికి వెన్నెముక, గుండె, అంగిలి వంటి చోట్ల పుట్టుకతో లోపం వస్తుంది. 30 నుంచి 40 శాతం మందిలో మాట, తెలివి, నడవడి ఎదుగుదలలో ఇబ్బందులు కనిపిస్తాయి. అందుకే గర్భం దాల్చే వయసు స్త్రీలకు, వేరే మందు పనిచేస్తే వాల్‌ప్రోయేట్ ఇవ్వకూడదు. బ్రిటన్ 2018లో దీనిపై కఠిన నిబంధనలు తెచ్చింది. 2024 నుంచి 55 ఏళ్లలోపు స్త్రీపురుషులెవరికైనా ఇద్దరు నిపుణులు అంగీకరిస్తేనే కొత్తగా మొదలుపెట్టాలని నియమం పెట్టింది. లెవెటిరాసెటామ్‌తో పెద్ద లోపాల ముప్పు సాధారణ గర్భాల్లో కంటే చెప్పుకోదగ్గంత పెరిగినట్టు తేలలేదు. అయితే గర్భం పెరిగేకొద్దీ రక్తంలో దాని మోతాదు తగ్గుతుంది కాబట్టి సరిచూసుకుంటూ ఉండాలి.

వాల్‌ప్రోయేట్ వాడే అమ్మాయికి, ఆమె కుటుంబానికి ఈ విషయం పెళ్లికి ముందే, గర్భానికి ముందే తెలియాలి. గర్భం వచ్చాక తెలిసినా మందును సొంతంగా ఆపకూడదు. ఫిట్స్ తిరగబెడితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

ఎంపికకు తోడ్పడే వివరాలు

ఫిట్స్ వచ్చినప్పుడు ఎవరైనా ఫోనులో వీడియో తీస్తే రకం గుర్తించడం డాక్టరుకు సులువవుతుంది. ఆ సమయంలో చేతిలో తాళాలగుత్తి పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాడుతున్న ఇతర మందులు, గతంలోని మానసిక సమస్యలు, పిల్లల గురించిన ఆలోచన దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఏ మందైనా మోతాదు తప్పకుండా వాడాలి. మార్చాలన్నా మానాలన్నా డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించడమే క్షేమం.