ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు పదవ తరగతి ధ్రువపత్రం: అందుబాటులో ఉన్న మార్గాలు

మడికొండ (కాజీపేట మండలం): ఇంటర్మీడియెట్, పాలిటెక్నిక్ ప్రవేశాలకు పదవ తరగతి ఉత్తీర్ణతా పత్రమే తొలి అర్హత. అనేక ఉద్యోగ ప్రకటనలలో కనీస విద్యార్హతగా కోరబడేది, పుట్టిన తేదీకి రుజువుగా చూపబడేది కూడా అదే. దృష్టిలోపం, వినికిడి లోపం, మస్తిష్క పక్షవాతం, అభ్యసన వైకల్యం, బుద్ధిమాంద్యం వంటి కారణాల వలన ప్రత్యేక విద్య పొందుచున్న పిల్లల విషయంలో ఈ పత్రాన్ని ఏ మార్గంలో సాధించవలెనన్నది తల్లిదండ్రులకు పెద్ద ప్రశ్నగా నిలుచుచున్నది. బడిలో పదేళ్లు గడిపినంత మాత్రాన ఉత్తీర్ణతా పత్రం లభించదు. గుర్తింపు పొందిన బోర్డు నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైనప్పుడే ఆ అర్హత సిద్ధిస్తుంది. అందుకు ఒకటి కంటే ఎక్కువ మార్గాలున్నాయి. అయితే వాటిలో ఏది అనుకూలమో ఎనిమిదవ తరగతి నాటికే నిర్ణయించుకొనుట అవసరం.

గతంలో వరంగల్ జిల్లాలో భాగమైన మడికొండ, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ అర్బన్ జిల్లా పరిధిలోకి వచ్చినది. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారినది. కావున ఈ ప్రాంత విద్యార్థుల దరఖాస్తులు కాజీపేట మండల విద్యాధికారి, హనుమకొండ జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయాల పరిధిలోకి వస్తాయి.

చట్టపరమైన ఆధారం

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆ సంవత్సరం డిసెంబరులో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చినది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, కొత్త చట్టం వాటిని 21కి పెంచినది. అభ్యసన వైకల్యం, ఆటిజం వంటివి ఈ జాబితాలో చేరినవి. 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య పొందే హక్కును 31వ సెక్షన్ కల్పించుచున్నది. సమీపంలోని సాధారణ పాఠశాలలో చదువవలెనా, ప్రత్యేక పాఠశాలలో చదువవలెనా అన్నది వారి ఇష్టానికే వదలబడినది.

పరీక్షలకు సంబంధించి 17వ సెక్షన్ ముఖ్యమైనది. పాఠ్యాంశాలలోను, పరీక్షా విధానంలోను తగు మార్పులు చేయవలెనని, అదనపు సమయం, సహాయ లేఖకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లు కల్పించవలెనని ఆ సెక్షన్ ప్రభుత్వాలను నిర్దేశించుచున్నది. అందువలన ఇవి హక్కుగా కోరదగినవే గాని, పరీక్షా కేంద్రం అధికారి దయాదాక్షిణ్యాలపై ఆధారపడినవి కావు.

మొదటి మార్గం: రెగ్యులర్ పదవ తరగతి

తోటి పిల్లలతో కలిసి సాధారణ ఉన్నత పాఠశాలలో చదివి, రాష్ట్ర సెకండరీ విద్యా బోర్డు నిర్వహించే పరీక్షలకు హాజరగుట మొదటి మార్గం. దృష్టిలోపం, వినికిడి లోపం గల పిల్లలలో అనేకులు ఈ మార్గంలోనే ఉత్తీర్ణులగుచున్నారు. వైకల్య స్వభావాన్ని బట్టి ఉత్తీర్ణతా మార్కుల సడలింపు, భాషా మినహాయింపు, అదనపు సమయం, సహాయ లేఖకుని సదుపాయం లభిస్తాయి. పదవ తరగతి పరీక్షకు తొమ్మిదవ తరగతి విద్యార్థిని సహాయ లేఖకునిగా నియమించుట ఆనవాయితీ.

రాత పరీక్షల నిర్వహణపై కేంద్ర దివ్యాంగుల సాధికారత శాఖ 2013 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు జారీ చేసి, 2018 ఆగస్టులో వాటిని సవరించినది. వాటి ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా పరిహార సమయం ఇవ్వవలసి ఉన్నది. అనగా మూడు గంటల పరీక్షకు గంట, గంటన్నర పరీక్షకు అరగంట. చిత్రాలు, పటాలతో కూడిన ప్రశ్నలకు బదులు దృష్టిలోపం గలవారికి ప్రత్యామ్నాయ ప్రశ్నలు ఇవ్వవలెనని, పరీక్షా కేంద్రం వీలైనంత వరకు నేల అంతస్తులో ఉండవలెనని కూడా వాటిలో సూచించబడినది.

వైకల్యం 40 శాతానికి తక్కువగా ఉన్నవారి విషయంలో చాలాకాలం సందిగ్ధత ఉండేది. సహాయ లేఖకుని సదుపాయాన్ని 40 శాతం ప్రమాణానికి మాత్రమే పరిమితం చేయరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో స్పష్టం చేసినది. దరిమిలా, వ్రాయుటలో ఇబ్బంది గల అట్టి అభ్యర్థుల కొరకు 2022 ఆగస్టులో కేంద్రం వేరుగా మార్గదర్శకాలు విడుదల చేసినది.

రెండవ మార్గం: రాష్ట్ర సార్వత్రిక విద్య

రోజూ బడికి వెళ్లలేని వారికి, ఒకే విడతలో అన్ని పరీక్షలు వ్రాయలేని వారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదవ తరగతి పూర్తి చేసే వీలున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఏర్పాటైన సార్వత్రిక పాఠశాల వ్యవస్థ రాష్ట్ర విభజన అనంతరం ఈ పేరుతో కొనసాగుచున్నది. ప్రవేశానికి 14 ఏళ్లు నిండి ఉండవలెను. గరిష్ఠ వయోపరిమితి లేదు. చదువను, వ్రాయను వచ్చిన వారెవరైనను నేరుగా చేరవచ్చును. ఐదు సబ్జెక్టులను ఒకేసారి గాక విడతల వారీగా పూర్తి చేసుకొనవచ్చును. తెలుగు మాధ్యమంలో చదువగోరే గ్రామీణ విద్యార్థులకు ఇది అనుకూలమైన మార్గం.

మూడవ మార్గం: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ

1979లో కేంద్రీయ మాధ్యమిక విద్యా బోర్డు ప్రయోగంగా మొదలై, 1989లో స్వతంత్ర ప్రతిపత్తి పొందిన ఈ సంస్థకు 2002లో ప్రస్తుత పేరు వచ్చినది. దీని సెకండరీ కోర్సుకు కూడా కనీస వయస్సు 14 ఏళ్లే. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు ఎంచుకొనవలెను. గణితం, సామాన్య శాస్త్రాలకు బదులుగా గృహ విజ్ఞానం, చిత్రలేఖనం, డేటా ఎంట్రీ వంటివి తీసుకొనే వెసులుబాటు ఉండుటచే, అభ్యసన వైకల్యం గలవారికి, స్వల్ప బుద్ధిమాంద్యం గలవారికి ఇది ఉపకరించుచున్నది. నమోదు ఐదేళ్లపాటు చెల్లుతుంది. ఈ వ్యవధిలో తొమ్మిది పర్యాయాలు పబ్లిక్ పరీక్షలకు హాజరుకావచ్చును. వేరొక గుర్తింపు పొందిన బోర్డులో ఉత్తీర్ణులైన రెండు సబ్జెక్టుల వరకు ఇక్కడికి బదిలీ చేసుకొనవచ్చును. రెగ్యులర్ పరీక్షలో కొన్ని సబ్జెక్టులలో తప్పినవారికి ఈ నిబంధన ఆసరాగా నిలుచును.

భారతీయ సంజ్ఞా భాషను భాషా సబ్జెక్టుగా చదివే అవకాశం 2021 జులైలో ప్రకటించబడుట బధిర విద్యార్థులకు సంబంధించి గమనించదగిన మార్పు. పదవ తరగతి స్థాయికి ఇంకా చేరని పిల్లల కొరకు మూడవ, ఐదవ, ఎనిమిదవ తరగతులకు సమానమైన మూడు స్థాయిల ప్రాథమిక కోర్సులు కూడా ఈ సంస్థలో గలవు.

కేంద్రీయ బోర్డుకు అనుబంధమైన పాఠశాలలలో చదివేవారికి సైతం మూడవ భాష నుండి మినహాయింపు, సబ్జెక్టుల ఎంపికలో వెసులుబాటు లభించుచున్నవి.

సబ్జెక్టుల ఎంపికలో జాగ్రత్త

ఇప్పుడు ఎంచుకొన్న సబ్జెక్టులు రేపటి చదువును నిర్ణయిస్తాయన్నది మరువరాదు. రాష్ట్ర పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు పదవ తరగతిలో గణితం ఒక సబ్జెక్టుగా ఉండుట తప్పనిసరి. ఐటీఐలలోని పలు ట్రేడులకు గణితం, సామాన్య శాస్త్రం అవసరం. కష్టమని గణితాన్ని వదిలిన విద్యార్థి పత్రం పొందినను, ఆ ద్వారాలు మూసుకొనిపోవును. అట్లని గణితం నేర్వలేని బిడ్డపై దానిని బలవంతంగా మోపినచో అసలు పత్రమే చేజారును. పిల్లవాని సామర్థ్యం, ఆసక్తి, తదుపరి చదువు ఈ మూడింటిని కలిపి చూచి ఉపాధ్యాయులు, ప్రత్యేక విద్యా నిపుణులు సలహా ఇవ్వవలసి ఉన్నది. పదవ తరగతి దాటినవారికి ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం పోస్టులు చట్టం ప్రకారం రిజర్వు చేయబడినవి.

పత్రానికి, హాజరు కాగితానికి తేడా

అమెరికాలో ప్రత్యేక విద్యార్థులకు సాధారణ డిప్లొమాతో పాటు, చదువు ముగించినట్లు మాత్రమే తెలిపే ధ్రువపత్రం కూడా పలు రాష్ట్రాలలో ఇవ్వబడుచున్నది. రెండవది డిప్లొమాతో సమానం కాదు. అయితే దానిని ఇచ్చినంత మాత్రాన బిడ్డకు ఉచిత ప్రత్యేక విద్య నిలిచిపోదు. డిప్లొమా పొందని పక్షంలో నిర్ణీత వయస్సు వరకు ఆ హక్కు కొనసాగుతుంది.

మన ప్రాంతంలోను ఈ తేడాను గుర్తించవలసి ఉన్నది. బోర్డు గుర్తింపు లేని ప్రత్యేక పాఠశాల ఇచ్చే పత్రం బిడ్డ నేర్చిన పనులను తెలుపునే గాని పదవ తరగతికి సమానం కాజాలదు. ఈ సంగతి తల్లిదండ్రులకు బిడ్డ చేరిన నాడే తెలియజేయుట ఆ పాఠశాల బాధ్యత. తీవ్రమైన బుద్ధిమాంద్యం గల పిల్లలందరికీ పదవ తరగతే గమ్యం కానవసరం లేదు. నిత్యజీవన నైపుణ్యాలు, వృత్తి శిక్షణ వారికి ఎక్కువ మేలు చేయగలవు. అయితే అది తెలిసి చేసిన ఎంపికగా ఉండవలెను గాని, తెలియక కోల్పోయిన అవకాశంగా ఉండరాదు.

ఎప్పుడు, ఎవరిని సంప్రదించాలి

ఎనిమిదవ తరగతిలో: మండల స్థాయి భవిత కేంద్రంలోని ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులతో చర్చించి మార్గాన్ని నిర్ణయించుకొనవలెను. బడికి రాలేని పిల్లలకు ఇంటివద్ద విద్య అందించే ఏర్పాటు కూడా సమగ్ర శిక్ష ద్వారా ఉన్నది.

తొమ్మిదవ తరగతిలో: వైకల్య ధ్రువపత్రాన్ని, యూడీఐడీ కార్డును సరిచూచుకొనవలెను. చిన్నతనంలో పొందిన తాత్కాలిక పత్రం గడువు ముగిసి ఉండవచ్చును. కొత్తది వచ్చుటకు సమయం పట్టును.

పదవ తరగతిలో: నామినల్ రోల్స్ పంపే సమయానికే మినహాయింపుల దరఖాస్తు, వైద్య ధ్రువపత్రం ప్రధానోపాధ్యాయునికి అందజేయవలెను. పరీక్షల ముందు రోజులలో సహాయ లేఖకుని కొరకు వెతుకులాడుట వలన విద్యార్థి ఆందోళనకు గురగును. మినహాయింపుల వివరాలకు ఆ సంవత్సరం బోర్డు జారీ చేసిన తాజా ఉత్తర్వులనే ప్రామాణికంగా తీసుకొనవలెను.

హక్కు చట్టంలో ఉన్నను, దానిని బిడ్డ చేతికి అందించేది సకాలంలో అందిన సమాచారమే. పాఠశాలలు, మండల అధికారులు, పత్రికా విలేకరులు ఈ వివరాలను విద్యా సంవత్సరారంభంలోనే తల్లిదండ్రులకు చేరవేసినచో, అర్హత గల ఏ విద్యార్థియు కేవలం గడువు దాటిన కారణంగా పదవ తరగతికి దూరం కాకుండా చూడవచ్చును.