కళాపూర్ణోదయం ఎక్కడికి పోయింది?

పోయిన వేసవి సెలవుల్లో మా బడి గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాల పేర్లు కంప్యూటర్లో ఎక్కించే పని మాకిచ్చారు. మా తాత చాలా ఏళ్ల కిందట తన పుస్తకాలు కొన్ని బడికి ఇచ్చాడు. "అందులో పింగళి సూరన కళాపూర్ణోదయం ఉండాలి, చూడరా" అన్నాడు.

నేను జాబితాలో 'క' దగ్గర వెతికాను. వర్ణమాలలో ళ అనేది హ తర్వాతే కదా! అందుకని కవికర్ణరసాయనం కింద చూశాను. అక్కడ కాశీయాత్ర చరిత్ర కనిపించింది. "లేదు తాతా, పోయినట్టుంది" అని చెప్పేశాను. తాత ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

రెండు రోజులకు పుస్తకం బీరువాలోనే కనిపించింది. జాబితాలో కూడా ఉంది, కన్యాశుల్కం కింద, కవికర్ణరసాయనం పైన! నేను అటువైపు చూడనే లేదు. ళ పోయి వ కంటే ముందు ఎందుకు కూర్చుంది? మా కంప్యూటర్ సార్‌ని అడిగితే పెద్ద చరిత్రే బయటపడింది.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ పట్టికలో ఇంగ్లీషు అక్షరాలకే చోటు. మన దేశంలో 1980ల్లో ఇస్కీ అనే పట్టిక తయారైంది. దాని ఆలోచన నిజంగా గొప్పది: భారతీయ లిపులన్నింటికీ ఒకటే వరస. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది. ఒక్కో లిపికి 128 గదులు. హిందీ క 2325, తమిళ క 2965, తెలుగు క 3093, కన్నడ క 3221. తీసివేసి చూడండి, అన్నీ తమ తమ వీధిలో ఒకే నంబరు ఇంట్లో ఉంటాయి.

అయితే అందరికీ ఒకే వరస కావాలని ఱ ను ర పక్కన, ళ ను ల పక్కన పెట్టారు. ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123, వ 3125. అదీ సంగతి! తమిళానికీ ఇదే తిప్పలు. వాళ్ల వరసలో కూడా య, ర, ల, వ అయ్యాకే ళ వస్తుంది. మా హోసూరులో రెండు భాషలూ వినిపిస్తాయి, రెండింటికీ ఒకటే కష్టమన్నమాట.

మధ్యలో 3124 ఏమైందని మీకు అనుమానం వచ్చిందా? నాకూ వచ్చింది. అది 2014 దాకా ఖాళీ గది. అప్పుడు అందులోకి ఴ వచ్చింది. పాత తెలుగు శాసనాల్లో ఉండి, తర్వాత వాడుకలోంచి పోయిన అక్షరం అది. చోఴ అనే మాట మనకు చోడ అయింది అందుకే. నాకు అన్నింటికంటే నచ్చింది ఈ గదే.

వరస అంటే దేవుడు రాసింది కాదు. స్పానిష్ వాళ్లు సి, హెచ్ కలిసిన జంటను వేరే అక్షరంగా లెక్కపెట్టి నిఘంటువులో విడిగా ఉంచేవారు. 1994లో వాళ్ల అకాడమీలన్నీ కూర్చుని దాన్ని సి లోపలే కలిపేశాయి. ఇప్పుడు డేటాబేసుల్లో కొలేషన్ అనే ఏర్పాటు ఉంది. గది నంబరు చూడకుండా ఏ భాషకు ఏ వరసో విడిగా చెప్పొచ్చు. మా జాబితాకు అది పెట్టలేదు, అంతే.

ప్రస్తుతానికి మేమే ఇంకో గడి చేర్చి, ళ, ఱ ఉన్న పేర్లకు వరస చేత్తో రాస్తున్నాం. 'క' అయిపోయింది. తాత ఆ పుస్తకాన్ని ఇంటికి తెప్పించుకున్నాడు. తిరిగివ్వాల్సిన గడువు ఎప్పుడో దాటింది, మేడం ఇంకా అడగలేదు.