రికార్డర్ ముద్ర

మన ఊళ్లలో ఇల్లు కొనేముందు ఈసీ తీయించి చూసుకుంటాం. అమెరికాలో అదే పనికి కౌంటీ రికార్డర్ ఆఫీసు పుస్తకాలు వెతకాలి. పాత పద్ధతే. భూమి అమ్మకాలు నమోదు చేయాలని మసాచుసెట్స్ బే కాలనీ 1640లోనే చట్టం చేసింది. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మే ఘనులు అప్పుడూ ఉన్నారు మరి.

ఇల్లు ఎవరిదో రికార్డర్ తేల్చడు. కాగితం పద్ధతిగా ఉందా, ఫీజు కట్టారా అని చూసి, తేదీ, టైము ముద్ర కొట్టి పుస్తకంలోకి ఎక్కిస్తాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల మాటల్లో ఇదొక అపెండ్-ఓన్లీ లాగ్: చేర్చడమే తప్ప చెరపడం ఉండదు. కోడు రాసేవాడిగా నాకు ముచ్చటేసింది. అందులో ఏం చేరాయో చదివేదాకా.

సెయింట్ లూయిస్‌లో లబాడీ అవెన్యూ అని ఒక వీధి. 1911లో అక్కడి 39 మంది ఓనర్లలో 30 మంది ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 50 ఏళ్లపాటు నల్లవాళ్లు గానీ, 'మంగోలియన్ జాతి' వాళ్లు గానీ అక్కడ ఉండకూడదని. దాన్ని రికార్డు చేయించారు. 1917లో సుప్రీంకోర్టు, ఇలాంటి ఆంక్షలు నగరాలు పెట్టకూడదని బుకానన్ కేసులో చెప్పింది. ప్రైవేటు ఒప్పందాల జోలికి మాత్రం పోలేదు. అవి ఇంకా పెరిగాయి.

1945లో షెల్లీ దంపతులు, నల్లవాళ్లు, ఆ వీధిలో ఇల్లు కొన్నారు. ఒప్పందం సంగతి వాళ్లకి తెలీదని కింది కోర్టే ఒప్పుకుంది. అయితే ఏం? పుస్తకంలోకి ఎక్కిన కాగితాన్ని నువ్వు చదివినట్టే లెక్క. మోసాన్ని ఆపడానికి పుట్టిన సూత్రం, మోసం చేయని మనుషుల్ని ఇంట్లోంచి గెంటడానికి పనికొచ్చింది. 1948లో సుప్రీంకోర్టు షెల్లీల పక్షాన తీర్పిచ్చింది. కానీ ఎంతవరకు? కోర్టులు వీటిని అమలు చేయకూడదంది, అంతే. ఇష్టపడి పాటించుకుంటే తప్పులేదంది. దాంతో ఆ కాగితాలు పుస్తకాల్లోకి వస్తూనే ఉన్నాయి.

వాషింగ్టన్ డీసీ కౌంటీ కాదు గానీ, అక్కడా ఒక రికార్డర్ ఆఫ్ డీడ్స్ ఉంటాడు. 1881 నుంచి 1886 దాకా ఆ కుర్చీలో కూర్చున్నది ఫ్రెడరిక్ డగ్లస్. బానిసగా పుట్టి, 1846లో డబ్బు కట్టి రాయించిన కాగితంతో చట్టం దృష్టిలో స్వతంత్రుడైన మనిషి. మనిషిని ఆస్తిగా రాసిన కాగితం ఎలా ఉంటుందో ఆయనకంటే బాగా తెలిసిన రికార్డర్ ఇంకొకరు ఉండరేమో. ఆ ఆఫీసే ఇలాంటి ఒప్పందాల్ని తీసుకుంటూ వచ్చింది. అలా తీసుకోవడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధమని అప్పీళ్ల కోర్టు చెప్పేసరికి 1972 వచ్చింది.

ఈ వాక్యాల్ని వెతికి కనబడకుండా చేయాలని కాలిఫోర్నియా 2021లో తన కౌంటీ రికార్డర్లకు చట్టం పెట్టింది. అసలు ప్రతిని మాత్రం విడిగా దాచాలి. నాకిది సరైన పనే అనిపిస్తుంది.

అక్కడ ఇల్లు కొన్న ఒక ఫ్రెండు తన కాగితాల కట్ట చూపించాడు. పాత కాగితం ఒకదాని మీద కవర్ పేజీ: ఇందులో జాతిని బట్టి ఆంక్ష ఏదైనా ఉంటే అది చెల్లదు అని. "ఇదేంట్రా?" అన్నాను. "ఏమో, సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టేశాను" అన్నాడు. ఇద్దరం పేజీ తిప్పి, లోపల ఎవరి పేరుందో వెతకడం మొదలుపెట్టాం.