మాటల వైద్యంలో వినేవాళ్ళ చరిత్ర

మన ఏజెన్సీలో కౌన్సెలింగ్ అనే మాట మూడు చోట్ల వినపడుతుంది. టీచర్ల బదిలీలకు కౌన్సెలింగ్. కాలేజీ సీట్లకు కౌన్సెలింగ్. కుర్రాళ్ళను పోలీసు స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టి చెప్పేది కూడా కౌన్సెలింగే. మూడు చోట్లా చెప్పేది అవతలివాళ్ళు, తలూపేది మనం. అందుకే ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు కౌన్సెలింగ్ చేయాలని పైనుంచి చెప్పినప్పుడు నేనూ నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను.

ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు దసరా సెలవుల నుంచి వచ్చాక మాట మానేశాడు. అన్నం సగం వదిలేసి లేచేవాడు. వాణ్ణి స్టాఫ్ రూముకు పిలిచి అరగంట చెప్పాను. చదువు విలువ చెప్పాను, అమ్మానాన్నల కష్టం చెప్పాను, నేను ఎలా చదువుకున్నానో చెప్పాను. "సరే సార్" అన్నాడు. ఆ వారం సంత రోజున గోడ దూకి ఇంటికి పోయాడు. సెలవుల్లో వాడి నాన్న చనిపోయాడట. ఆ సంగతి మా వంటామెకు తెలుసు. బియ్యం ఏరుతూ కూర్చున్న ఆమె పక్కన చేరి కోయలో చెప్పుకున్నాడు. నేనూ కోయవాణ్ణే. కానీ స్టాఫ్ రూములో కూర్చుంటే నా నోట్లోంచి తెలుగే వస్తుంది.

ఆ తర్వాతే ఈ కౌన్సెలింగ్ ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో చదవడం మొదలుపెట్టాను. చదివిందాంట్లో మనకు పనికొచ్చేది చాలా ఉంది. కొంత మనం ఒప్పుకోలేనిదీ ఉంది.

మాటల వైద్యం అనే పేరు పెట్టింది వైద్యుడు కాదు, రోగి. 1880లో ఆస్ట్రియా దేశపు వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే 21 ఏళ్ళ యువతి, మంచాన పడ్డ తండ్రికి సేవ చేస్తూ తానే జబ్బు పడింది. చేయి స్వాధీనం తప్పింది. కొన్నాళ్ళు సొంత భాష జర్మన్‌లో మాట్లాడలేక ఇంగ్లీషులోనే మాట్లాడేది. జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు సాయంత్రాలు వచ్చి కూర్చుని ఆమె చెప్పేది వినేవాడు. చెప్పుకున్నాక తేలికపడేది. దానికి మాటల వైద్యం అని ఆమే పేరు పెట్టింది. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన పుస్తకంలో ఆమె కథను మారుపేరుతో రాశారు. నయమైందన్నట్టే రాశారు గానీ, బ్రాయర్ వైద్యం ఆగిపోయాక కూడా ఆమె ఆసుపత్రుల్లో ఉందని తర్వాతి పరిశోధకులు బయటపెట్టారు. ఆ తర్వాత ఆమె కోలుకుని, 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘాన్ని స్థాపించి నడిపింది. వైద్యుడు రాసుకున్న కథనూ రోగి బతుకునూ పక్కపక్కన పెట్టి చూడాలని ఈ చరిత్ర మొదట్లోనే చెబుతోంది.

ఫ్రాయిడ్ తర్వాత చాలాకాలం వైద్యుడి మాటే సాక్ష్యం. గదిలో ఏం జరిగిందో ఇంకెవరికీ తెలియదు. దాన్ని మార్చినవాడు కార్ల్ రోజర్స్. ఆయన 1928 నుంచి పన్నెండేళ్ళు అమెరికాలోని రోచెస్టర్‌లో పిల్లల సమస్యలు చూసే కేంద్రంలో పనిచేశాడు. అక్కడి ఒక అనుభవాన్ని తర్వాత తానే రాసుకున్నాడు. అల్లరి పెట్టే కొడుకు గురించి ఒక తల్లి వచ్చేది. తప్పు తల్లి దగ్గరే ఉంది, చిన్నప్పుడు పిల్లాణ్ణి దగ్గరికి తీయలేదు అని రోజర్స్ నిర్ణయానికి వచ్చాడు. అది ఆమెకు నచ్చజెప్పాలని వారాల తరబడి ప్రయత్నించాడు. ఏమీ కాలేదు. ఇక ఆపేద్దాం అనుకున్నారు. ఆమె తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళ కష్టం కూడా వింటారా అని అడిగింది. మళ్ళీ కూర్చుని తన కాపురం సంగతి చెప్పింది. రోజర్స్‌కు అంతకుముందు చెప్పినదానికీ దీనికీ పొంతనే లేదు. ఏది నొప్పి పెడుతోందో చెప్పుకునేవాళ్ళకే తెలుస్తుందని ఆయనకు అప్పుడు అర్థమైంది. అది చదివినప్పుడు నాకు మా స్టాఫ్ రూము గుర్తొచ్చింది.

1940లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాక రోజర్స్, ఆయన విద్యార్థులు గదిలో మైకు పెట్టారు. అప్పట్లో టేపులు లేవు. గ్రామఫోను ప్లేటు మీద కొద్ది నిమిషాలే పట్టేది, ప్లేట్లు మార్చుకుంటూ కూర్చోవాలి. 1942లో ఒక మనిషితో సాగిన కౌన్సెలింగ్ మొత్తాన్ని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పుస్తకంలో అచ్చువేశారు. అలా అచ్చులోకి రావడం అదే మొదలు. ఆ రికార్డులు లెక్కబెడితే, సలహాలిచ్చే రకం కౌన్సెలర్లు వినే రకం కౌన్సెలర్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మాట్లాడుతున్నారని తేలింది. టీచర్లం మనం ఒక్క పిరియడ్ ఫోనులో రికార్డు చేసుకుని వింటే చాలు, ఈ పరిశోధన ఏమిటో తెలిసిపోతుంది. నేను ఒకసారి విన్నాను, రెండోసారి వినాలనిపించలేదు.

1952లో లండన్ నుంచి హాన్స్ ఐసెంక్ ఒక రాయి వేశాడు. 24 నివేదికల్లోని ఏడు వేలకు పైగా రోగుల లెక్కలు తీసి, వైద్యం చేసినా చేయకపోయినా మూడింట రెండు వంతుల మంది రెండేళ్ళలో కోలుకుంటున్నారన్నాడు. ఆ లెక్కలో లోపాలున్నాయని ఎదురు వాదనలు వచ్చాయి. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి చూసి, వైద్యం పొందినవారిలో సగటు మనిషి, పొందని వారిలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నాడని చూపించారు. ఏ పద్ధతి గొప్పది అన్న తగాదా మాత్రం తేలలేదు. సాల్ రోజెన్‌జ్‌వైగ్ 1936లోనే దాన్ని ఊహించాడు. పిల్లల కథలో పరుగుపందెం అయ్యాక అందరికీ బహుమతి ఇప్పించిన డోడో పక్షిని గుర్తుచేసి, పద్ధతులన్నిటిలోనూ ఉమ్మడిగా ఏదో ఉంది, దాన్ని వెతకండి అన్నాడు.

ఆ ఉమ్మడి వస్తువుకు 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ ఒక రూపం ఇచ్చాడు. ఎటు వెళ్ళాలో ఇద్దరూ ఒప్పుకోవాలి, ఏం చేయాలో ఇద్దరూ ఒప్పుకోవాలి, ఇద్దరి మధ్యా నమ్మకం ఉండాలి. ఈ మూడింటినీ కొలిచే ప్రశ్నపత్రాలు తర్వాత వచ్చాయి. 2018 నాటికి 295 అధ్యయనాలు, ముప్పై వేలకు పైగా రోగులు. అనుబంధం గట్టిగా ఉన్నచోట ఫలితం మెరుగని అన్నీ కలిపి తేల్చారు. ఫలితాల్లో తేడాకు అది చెప్పే కారణం వందలో ఎనిమిది వంతుల లోపే. అంతేనా అనిపిస్తుంది. కానీ పద్ధతికీ పద్ధతికీ మధ్య తేడా అంతకంటే చిన్నదని చాలామంది పరిశోధకులు వాదిస్తారు. నాకు ముఖ్యం అనిపించింది ఇంకొకటి. 1991లో హోర్వత్, సిమండ్స్ చూసిన లెక్కల్లో, అనుబంధం ఎలా ఉందో వైద్యుడు చెప్పినదాని కంటే క్లయింటు చెప్పినదే ఫలితానికి దగ్గరగా ఉంది. బాగా జరిగిందని నేను అనుకున్న ఆ అరగంటకు పిల్లాడు ఎన్ని మార్కులు వేసి ఉంటాడు?

టీచర్లు తప్పక తెలుసుకోవలసిన పరిశోధన అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జరిగింది. దిగులుతో, బిడియంతో బాధపడే కాలేజీ కుర్రాళ్ళను కొందరిని అనుభవమున్న థెరపిస్టుల దగ్గరికి, కొందరిని విద్యార్థులతో బాగా కలిసిపోతారని పేరున్న ప్రొఫెసర్ల దగ్గరికి పంపారు. ఆ ప్రొఫెసర్లకు ఈ వైద్యంలో శిక్షణ లేదు. సగటున రెండు గుంపులూ దాదాపు సమానంగా బాగుపడ్డాయని 1979లో హాన్స్ స్ట్రుప్, సుజాన్ హాడ్లీ ప్రకటించారు. ఆ రికార్డులు విడిగా చూస్తే ఇంకో సంగతి కూడా బయటపడింది. ఒకే వైద్యుడు ఒక కుర్రాడితో బాగా నెగ్గి, ఇంకొకడి దగ్గర ఓడిపోయాడు. మొండిగా, కోపంగా వచ్చిన కుర్రాళ్ళ మీద శిక్షణ ఉన్నవాళ్ళు కూడా లోలోపల చిరాకు పడ్డారు, అది మాటల్లో బయటికి వచ్చింది. మన తరగతిలో వెనక బెంచీ గురించి ఎవరైనా రాసినట్టు లేదూ?

ఇక మన వడ్డెల సంగతి. జెరోమ్ ఫ్రాంక్ అనే అమెరికన్ వైద్యుడు 1961లో వేసిన పుస్తకంలో నగరపు మానసిక వైద్యుణ్ణీ ఊళ్ళోని సంప్రదాయ వైద్యుణ్ణీ ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. నమ్మి చెప్పుకోగల మనిషి, అందుకు తగిన చోటు, బాధకు ఒక కారణం చెప్పే కథ, ఇద్దరూ కలిసి చేసే ఒక క్రియ ఇద్దరి దగ్గరా ఉన్నాయన్నాడు. మనవాళ్ళది మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళకు ఇది చూపించాలి. అలాగని మలేరియా జ్వరానికి వడ్డె చాలని ఫ్రాంక్ అనలేదు, నేనూ అనను. ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన పిల్లల్ని నేను చూశాను.

మన దేశంలో జస్వంత్ సింగ్ నేకి 1973లో ఇంకో నమూనా ముందుకు తెచ్చాడు. ఇక్కడి రోగికి పాశ్చాత్య పద్ధతి కంటే గురుశిష్య సంబంధం సహజంగా ఉంటుందన్నాడు. చాలామంది మెచ్చుకున్నారు. గురువు అనగానే నాకు మాత్రం ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తుంది. పై మెట్టు మీద కూర్చున్నవాడికి కింది మెట్టు మీదివాడు మనసు విప్పుతాడంటే నాకు అనుమానమే.

అందుకే జింబాబ్వే నుంచి వచ్చిన మార్గం నాకు ఎక్కువ నచ్చింది. అక్కడ మానసిక వైద్యులు చాలా కొద్దిమంది. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు హరారే నగరంలోని ఎంబారే అనే పేదల పేటలో, అప్పటికే ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న 14 మంది అవ్వలతో పని మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల. దాన్ని మానసిక ఆరోగ్య బల్ల అంటే ఎవరూ కూర్చోరు, స్నేహపు బల్ల అనండి అని అవ్వలే సరిదిద్దారు. డిప్రెషన్ అనే మాట కూడా వాడలేదు. షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని. ఆ మాటతోనే మొదలుపెట్టారు. ప్రాణం తీసుకుంటానన్నవాళ్ళను మాత్రం తమ దగ్గర ఉంచుకోకుండా పైవాళ్ళకు అప్పగించారు. 24 కేంద్రాల్లో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవారిలో సగం మందికి దిగులు లక్షణాలు ఇంకా ఉన్నాయి. బల్ల మీద కూర్చున్నవారిలో సుమారు 14 శాతం మందికే మిగిలాయి.

మా వంటామె ఈ పరిశోధనలేవీ చదవలేదు. చదువు ఐదో తరగతి. ఔట్‌సోర్సింగ్ జీతం, అదీ నెలనెలా రాదు. గోడ దూకిన పిల్లాణ్ణి సంక్రాంతి తర్వాత వెనక్కి తెచ్చింది ఆమే, నేను కాదు.

మా బడిలో కౌన్సెలింగ్ రిజిస్టరు ఒకటి ఉంది. అందులో తేదీ, పిల్లవాడి పేరు, చేసినవారి పేరు, సంతకం అని గడులున్నాయి. వాడు చెప్పుకున్నది అందులో రాయకూడదు, అది వాడి సొంతం. చివర మిగిలిన ఖాళీలో నేను స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను, ఏ భాషలో అని. మొదటి రెండు నెలలు అందులో నేను రాసుకున్నదంతా తెలుగు, తెలుగు అనే. ఆ తర్వాత అక్కడక్కడ కోయ కనబడుతోంది. ఇంకా తక్కువే.