ఆరుగురు అన్నదమ్ముల ఇంజను

మొన్న మా అన్నయ్య కొడుకు ఫోనులో ఒక అమెరికా బండి చూపించాడు. పాత కారును తేలిక చేసి, ఆరు సిలిండర్లు వరసగా ఉన్న పాత ఇంజను బిగించారు. "దీన్ని హాట్‌రాడ్ అంటరు అత్తమ్మా!" అన్నాడు. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి ఇంజన్లతో పనేమిటనకండి. అది నాకు చిన్ననాటి చుట్టం.

1929లో షెవ్రొలే కంపెనీ నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్ల కారంటూ అమ్మింది. 1932లో ఫోర్డు వి-ఎయిట్ వచ్చింది. నాలుగేసి సిలిండర్లు రెండు వరసలు కాబట్టి ఇంజను పొట్టి. కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద పందేలాడే కుర్రకారు దానికే ఎగబడ్డారు. కొందరు మొండివాళ్లు మాత్రం ఆరింటిని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, జి.ఎం.సి. మిలిటరీ లారీల ఇంజన్లు తెచ్చి షెవ్రొలేలలో బిగించారు.

మన దగ్గర ఆ ఆరూ పందేనికి రాలేదు, బరువు మొయ్యడానికొచ్చాయి. 1954లో టాటావారు జర్మనీ బెంజివారితో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1969లో ఆ పొత్తు ముగిసినా జనం నోట అవి బెంజి లారీలే. నా చిన్నప్పుడు ఆదిలాబాదు అడవి నుంచి టేకు దుంగలతో వచ్చే పొడుగు మూతి లారీలు అవే.

కరీంనగర్‌లో మా మేనమామకు షెడ్డుండేది. లారీ తుక్కుకు పోయినా ఇంజన్ని పోనిచ్చేవాడు కాదు. బాగుచేసి వడ్ల గిర్నీకి బిగించేవాడు.

"జీపుకెందుకు పెట్టవు మామా?" అన్నాను.

"ఆరుగురు అన్నదమ్ములు ఒక్క బంతిల కూసోవాలె బిడ్డా! జీపు ముక్కు సరిపోతదా?"

అమెరికా మొండివాళ్లదీ ఇదే చిక్కు. చోటు కోసం రేడియేటరు ముందుకు జరపాలి, లేదా డ్రైవరు ముందున్న రేకు కొయ్యాలి.

మరి ఎందుకంత మోజు? ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ జంటలుగా లేచి దిగుతాయి. ముందు మూడింటి ఊపును వెనక మూడూ అణిచేస్తాయి. అందుకే ఆ నునుపు. అవి మండే వరస మామ ఎక్కంలా చెప్పించేవాడు: ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.

మామ పోయి ఏళ్లయింది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అమెరికాలో ఆ ఇంజన్ల గురించి పుస్తకాలకు పుస్తకాలు వేసుకున్నారు. మామ చేతిలో బతికిన ఇంజను ఏ ఊరి గిర్నీకి పోయిందో ఒక్క కాగితమైనా లేదు.

ఫోనులో ఇంజను మోగింది. నా వేళ్లు బల్ల మీద లెక్క పెట్టాయి.

"నీకెట్ల తెలుసత్తమ్మా?"

ఫోను పక్కన పెట్టించి, మామ సంగతి మొదలుపెట్టాను.